మలేషియాకి ఇదేనా రేవు?

ఉగాది వెళ్ళిన వారంలోనే మా ఆవిడ ఫోన్ తెచ్చి నా ముక్కుకి ఆనించి "చూడండి" అంది. చూశాను, వాళ్ళ పెద్దనాన్నగారమ్మాయి మొగుడూ పిల్లల్తో రెండు పొడుగాటి టవర్ల ముందు నిలబడి ఉంది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ టవర్లు తనే కట్టించినట్టు. నేను బాగుంది అన్నాను. ఆ మాట అనకూడదని తర్వాత తెలిసింది. "బాగుంటే మనం ఎప్పుడెళ్తున్నాం?" అంది.

బడ్జెట్ లక్షన్నర. చీటీ పాడిన డబ్బు కొంత, రెండు కొబ్బరి దింపుల డబ్బు కొంత, ఇవి రెండూ కలిపి అటక మీద రేకు మార్పిద్దామని దాచినవి. మా అమలాపురం పక్క పల్లెలో లక్షన్నర అంటే చిన్న మాటేం కాదండి, కానీ ముగ్గురు మనుషులు విమానమెక్కి వేరే దేశంలో దిగి తిని పడుకుని తిరిగి రావాలంటే అది ఎంత చిన్న మాటో బామ్మర్ది ఫోన్‌లో లెక్కలేసి చూపించాక అర్థమైంది.

రోజూ సాయంత్రం కరెంటు పోగానే అరుగు మీద మీటింగు. అధ్యక్షురాలు మా ఆవిడ, టెక్నికల్ సలహాదారు బామ్మర్ది, ప్రతిపక్షం మా మామ్మ, నేను విసనకర్ర.

మొదట నేపాల్ అన్నాను. వీసా లేదు, అసలు పాస్‌పోర్టే అక్కర్లేదు, ఓటరు కార్డు చూపిస్తే చాలు. మా ఆవిడ నావైపు ఓ చూపు చూసి "ఓటరు కార్డుతో వెళ్ళేది ఫారినెలా అవుద్దండీ, అది ఎలక్షనవుద్ది" అంది. నేపాల్ అక్కడితో అయిపోయింది.

భూటాన్ అన్నాడు బామ్మర్ది. చల్లగా ఉంటుంది, కొండలు, మనవాళ్ళకి వీసా గొడవ లేదు, కాకపోతే పెద్దవాళ్ళు రాత్రికి మనిషికి 1,200 రూపాయలు కట్టాలి. హోటల్‌కా అంటే కాదు, తిండికా అంటే కాదు, ఊరికే అక్కడ ఉన్నందుకు. మామ్మ ఒత్తులు చేసుకుంటా చేసుకుంటా ఆగి "మరి మనింటికి వేసంగుల్లో దిగే చుట్టాల దగ్గర మనమెందుకు తీసుకోవట్లేదురా?" అంది. దానికి మా ఆవిడ మొహం చూడాల్సింది, ఎందుకంటే ఆ చుట్టాల్లో ముప్పాతిక మంది అటువైపు వాళ్ళే.

తర్వాత శ్రీలంక. బామ్మర్ది వీడియో పెట్టాడు. కొబ్బరిచెట్లు, పక్కన కాలువ, కాలువలో పడవ, గట్టు మీద ఒకాయన బొండం కొట్టి ఇస్తుంటే తెల్లోళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. అటు వీడియో నడుస్తోంది, దాని వెనకాల మా పెరడు కనపడుతోంది, నాకు ఏది వీడియోనో ఏది పెరడో కాసేపు తెలీలేదు. నేను కొబ్బరికాయ మీద బతికేవాణ్ణి, దింపు డబ్బులు పట్టుకెళ్ళి ఇంకోడి కొబ్బరిచెట్టు చూసొస్తే మా చెట్లేమనుకుంటాయి!

వియత్నాం అయితే మరీ అన్యాయం. అక్కడ మేకాంగ్ నది సముద్రంలో కలిసే దగ్గర డెల్టా అంతా వరి చేలు, రొయ్యల చెరువులు, బెన్‌ట్రే అని ఒక ఊరైతే కొబ్బరికే పేరట, కొబ్బరి బిళ్ళలు కూడా చేస్తారట. అయినా హోటల్ ఎంతో చూద్దామని బామ్మర్ది నొక్కితే స్క్రీన్ మీద రాత్రికి 8,00,000 అని వచ్చింది. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. మామ్మ నెమ్మదిగా "పొలం అమ్మితే మూడు రాత్రులు పడుకోవచ్చురా" అంది. ఆ ఎనిమిది లక్షలు వాళ్ళ డాంగులు, మన రూపాయికి దాదాపు మూడొందల డాంగులొస్తాయి, అంటే మన లెక్కలో మూడు వేల లోపేనని బామ్మర్ది ఎంత చెప్పినా ఎవరి గుండె దడా తగ్గలేదు. పొద్దున్న ఇడ్లీకి వేలూ లక్షలూ లెక్కపెట్టి ఇచ్చే చోట నేను మనశ్శాంతిగా తినలేను, అదీ నిజం.

చివరికి మలేషియా గెలిచింది. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళకి వీసా లేకుండా 30 రోజులు రానిస్తున్నారు, వైజాగ్‌లోనే విమానమెక్కొచ్చు, ఆ జంట టవర్లూ అక్కడి కౌలాలంపూర్‌వే, 452 మీటర్ల ఎత్తు, 88 అంతస్తులు. ప్రతిపక్షం నోరు మూయించింది మాత్రం బతు గుహలు. 140 అడుగుల సుబ్రహ్మణ్యేశ్వరస్వామి విగ్రహం, 272 మెట్లు అనగానే మామ్మ రెండు చేతులూ జోడించి "వెళ్ళి రండి, నా పేరు మీద అర్చన చేయించండి" అని, వెంటనే "మా తాత కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళొచ్చాడు, మీలాగ నెల్రోజులు అరుగు మీద కూచుని లెక్కలెయ్యలేదు" అని కూడా అంది. రంగం అంటే రంగూన్, ఇప్పటి పిల్లలకి తెలీదు. ఒకప్పుడు మన రేవుల్నుంచి అంతమంది అక్కడికి వెళ్ళారు గనక బర్మావాళ్ళు తెలుగోళ్ళని కోరంగీలనేవారు, మా పక్కనున్న కోరంగి పేరు మీదే. ఆ లెక్కన మా ఇంట్లో ఫారిన్ వెళ్ళినోళ్ళు లేరని మా ఆవిడ దెప్పడం తప్పు, కానీ ఆ పాయింటు నాకు ఇప్పుడు రాస్తుంటే తట్టింది, అప్పుడు తట్టలేదు.

టికెట్లు ముగ్గురికీ కలిపి 42 వేలు, మళ్ళీ వెనక్కివ్వని రకం. చవగ్గా వచ్చింది గదా అని నొక్కేశాం.

టికెట్ నొక్కిన గంటలో వీధికి తెలిసింది, రెండ్రోజుల్లో ఊరికి తెలిసింది. ఒకరికి టైగర్ బామ్ కావాలి, ఒకరికి గొడ్డలి బొమ్మ తైలం కావాలి, సొసైటీ గుమాస్తాగారికి గడ్డం గీసుకునే మిషన్ కావాలి. అన్నిట్లోకీ పైది చివరింటి పిన్ని. కంట్లో శుక్లాలు తీయించుకుని నల్లద్దాలు పెట్టుకుని గోడ పట్టుకుంటా వచ్చి రెండు ఆవకాయ సీసాలు అరుగు మీద పెట్టి "మా వాడికి ఇవ్వరా" అంది. వాళ్ళ వాడు డల్లాస్‌లో ఉంటాడు. పిన్నీ మేం వెళ్ళేది మలేషియా, అది ఇటు, అమెరికా అటు అని చేతుల్తో చూపిస్తే ఆవిడకి నా చేతులే కనపడవు. "ఫారినేగా, అంత దూరం వెళ్ళినోడివి ఆ కాస్త వెళ్ళలేవా, వెల్లుల్లి వెయ్యలేదు, వాడికి పడదు" అని వెళ్ళిపోయింది. పోనీ అక్కణ్ణుంచి పార్సిల్ వేద్దాంలే అని మా ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య సర్దేసింది.

ప్రయాణానికి మూడ్రోజులుందనగా ఆన్‌లైన్లో ఓ ఫారం నింపాలి. మలేషియాలో దిగే ముందు మూడ్రోజుల లోపులోనే నింపాలి, ఫ్రీయే, అయినా దానికీ డబ్బులు గుంజే దొంగ సైట్లున్నాయి, నేను దాదాపు ఒకదానికి కట్టబోయాను, అది వేరే కథ. బామ్మర్ది అడుగుతుంటే నేను పాస్‌పోర్టులు చూసి చదువుతున్నాను. నాది, ఎక్స్‌పైరీ 2031 జూలై. మా ఆవిడది, 2031 జూలై. బాబుది, 2026 జూలై.

"మళ్ళీ చదువు బావా."

మళ్ళీ చదివాను. ఇరవయ్యారే ఉంది. వేలుతో తుడిచి చదివాను, ముప్పై ఒకటి కాలేదు.

2021లో మా తోడల్లుడు మస్కట్‌లో ఉంటా మమ్మల్ని రమ్మంటే ముగ్గురికీ ఒకేసారి తీసుకున్నాం, మాకు పాస్‌పోర్టులు వచ్చేలోపు ఆయనే ఉద్యోగం మానేసి వచ్చేశాడు, అవి అలా బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య పడున్నాయి. ఒకేరోజు పుట్టినవి గదా, ఒకేరోజు పోతాయనుకున్నాను. పెద్దాళ్ళకి పదేళ్ళు, పిల్లలకి ఐదేళ్ళే ఇస్తారట. జూలై దాకా ఉందిగా, ఇది మేనేగా అంటే కుదరదు, దిగే రోజుకి ఇంకా ఆర్నెల్లు ఉండాలి. తత్కాల్‌లో కొత్తది తీసుకుందామని చూస్తే దొరికిన స్లాటు సరిగ్గా మేం టవర్ల ముందు ఫోటో దిగాల్సిన రోజుకి దొరికింది. టికెట్ వాళ్ళకి ఫోన్ చేస్తే గంటన్నర సంగీతం వినిపించి పన్నులు మాత్రం ఇస్తామన్నారు.

డబ్బు పోతే పోయింది. ఊరికి ఏం చెప్పాలి? మా ఆవిడ ఏడవలేదు, అదే నాకు భయం వేసింది. కాసేపు ఆలోచించి "వెళ్దాం" అంది. ఎక్కడికి అంటే "నర్సాపురం, మా ఇంటికి. ఆరు రోజులు గుమ్మం దాటం. తర్వాత మలేషియా నుంచి వచ్చేద్దాం" అంది.

అలాగే బయల్దేరాం. తెల్లారకుండానే వీధంతా లేచింది, మామ్మ ఎదురొచ్చింది, ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. కారు వైజాగ్ వెళ్తున్నట్టు ముమ్మిడివరం వైపు దర్జాగా వెళ్ళి, ఊరు దాటాక వెనక్కి తిరిగి, బైపాసులో దొంగలా రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకి చేరింది. అక్కడ కారు పంపించేసి పంటు ఎక్కాం. పంటు మీద బైకులు, పాల క్యాన్లు, రెండు మేకలు, చక్రాల సూట్‌కేసుల్తో మేం. మా ఆవిడ కొత్త టోపీ పెట్టుకుంది, తీయమంటే తీయలేదు.

సగం గోదావరి దాటాక చూశాను. రేలింగ్ పక్క బెంచీ మీద నల్లద్దాలు పెట్టుకుని పిన్ని. నర్సాపురంలో కళ్ళ డాక్టరు దగ్గరకి చెకప్‌కి వెళ్తోంది, మేమెళ్ళినాక ఆటో ఎక్కినట్టుంది, మేం చుట్టూ తిరిగొచ్చేలోపు తిన్నగా వచ్చేసింది. నేను బాబు నోరు మూశాను. ఆవిడకి ఎలాగూ ఆనదు, అవతలి గట్టు దాకా ఊపిరి బిగబట్టుకుంటే చాలు.

అప్పుడు సూట్‌కేసు జిప్పు చివర్నుంచి ఎర్రగా ఓ బొట్టు జారింది. ఇంకోటి. చక్రం మీద పడి, అక్కణ్ణుంచి పంటు చెక్కల సందుల్లోంచి సన్నటి గీతలా మెల్లగా పిన్ని చెప్పుల వైపు బయల్దేరింది. నేను కాలు అడ్డం పెట్టాను, నూనె ఆగుతుందా! పిన్ని ముక్కు ఎగబీల్చి ఇటు తిరిగింది.

"వెల్లుల్లి లేదు" అంది. "నాదే ఇది."

ఎవరూ కదల్లేదు. మేక ఒకటి అరిచింది.

"ఎవర్రా అది? అబ్బాయివేనా? డల్లాస్‌కి ఇదేనా రేవు?"

బాబు నా చెయ్యి తీసేసి "మామ్మా, నువ్వు మమ్మల్ని చూళ్ళేదు" అన్నాడు. దానికావిడ "నాకేం కనపడతంది నాయనా" అని, నావైపు తిరిగి "ముందా సూట్‌కేసు నిలబెట్టరా, పడుకోబెడితే ఊటంతా పోద్ది" అంది.

ఒక సీసా మా అత్తగారింట్లో మూడ్రోజులకే అయిపోయింది. రెండోది క్షేమంగా ఉంది, మూత మళ్ళీ బిగించాను, గుడ్డ కట్టాను. ఎవరైనా డల్లాస్ వెళ్తుంటే చెప్పండి.