బియ్యం సరే, బీడు సంగతి?

తెలంగాణ రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తుంటే ఇక ఆకలెక్కడిదని ఒక వ్యాసంలో వ్యాసకర్త అడిగారు. మరి బీడుపడ్డ చెలకల మాటేమిటి? జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాలు 1990ల్లో పట్టుకున్నది ఆకలికి మూలమైన ఆ బీళ్లనే. బీళ్లు సాగులోకి తేవడానికి చిన్నరైతుకు అప్పిచ్చి, బాకీ జొన్నల్లో కొలిపించుకున్నారు. ఆ జొన్నలే కరువు నెలల్లో ఊళ్లోని నిరుపేదలకు చౌకగా అందాయి. ఎవరు ఎంత పేదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. నాలుగు గోడల మధ్య జాబితా రాస్తే పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లే ముందుకొస్తాయి, ఇది ఎక్కడైనా అంతే. ఇలా ఊళ్లో కూడబెట్టుకునే ధాన్యనిధి దెబ్బతినేది నిల్వ దగ్గర. గింజలో తేమ 12 శాతం దాటితే ముక్కపురుగు, బూజు పట్టే ముప్పు పెరుగుతుంది. గింజ పంటికింద టక్కున విరిగేదాకా ఎండబెట్టి, చల్లారాకే ఎండిన వేపాకు కలిపి గుమ్మిలో పోయాలి.