ఫ్లెక్సీ ఉంది, ఎల్‌కేజీ లేదు

జూన్ వచ్చిందంటే తెలంగాణ చిన్న పట్టణాల్లో మామిడిపళ్లు తగ్గి ఫ్లెక్సీలు పెరుగుతాయి. బడిబాట అన్నమాట, సర్కారు బడుల్లో పిల్లల్ని చేర్పించే కార్యక్రమం. ఫ్లెక్సీలో మూడొంతులు నాయకుల ముఖాలు. మిగిలిన జాగాలో, వీలైతే, పలక పట్టుకున్న ఓ పాప.

ర్యాలీకి శాస్త్రోక్తమైన వరస ఉంది. ముందు డప్పు. వెనక ఫ్లెక్సీ, దాని రెండు కర్రలకూ ఇద్దరు ఐదో తరగతి పిల్లలు. ఆ వెనక హెడ్మాస్టరు, టీచరమ్మ (బడికి ఉన్నదే ఆ ఇద్దరు). సందు మలుపులో పసుపు బస్సు హారన్ కొడుతుంది. ర్యాలీ మోరీ పక్కకు ఒదుగుతుంది. ఏ వీధి పిల్లల కోసం బయల్దేరారో ఆ వీధి పిల్లలే కిటికీల్లోంచి టాటా చెబుతారు. డప్పు మర్యాద తెలిసింది కనుక కాసేపు ఆగుతుంది. తర్వాత అసలు ఘట్టం, ఫోటో. తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం అన్నీ పడాలి. బస్సు మాత్రం పడకూడదు. ఎండ ఎదురుగా ఉంటే ఫ్లెక్సీ మీది ముఖాలు తెల్లబోతాయి, మళ్లీ తియ్యాలి. గ్రూపులో పెట్టాక పైఅధికారి బొటనవేలు చూపిస్తే ఆ వీధికి విద్య అందినట్టే.

నల్లా దగ్గర ఓ తల్లి మాత్రం ఒకే మాట అడుగుతుంది: "ఎల్‌కేజీ ఉన్నదా సారూ?"

అక్కడ డప్పు మళ్లీ ఆగుతుంది. ప్రైవేటువాడు మూడేళ్లకే పిల్లను బస్సెక్కిస్తాడు. సర్కారు బడి తలుపు తెరిచేది ఒకటో తరగతికి. అప్పటికి ఆ పిల్లకు బెల్టు, టై, స్నేహితులు అన్నీ అక్కడే. "అంగన్‌వాడీ ఉంది కదమ్మా" అంటే ఉంది. అక్కడి టీచరు ఎత్తులు, బరువులు, గుడ్లు ఫోన్లో ఎక్కిస్తూ ఉంటుంది. పూర్వ ప్రాథమిక తరగతులు ఇప్పుడిప్పుడే కొన్ని బడుల్లో పెట్టారు. ఫ్లెక్సీలు మాత్రం అన్ని బడులకూ ముందే అందాయి.

ఇక లెక్క. అరవైమంది వరకు ఇద్దరు టీచర్లు చాలని చట్టం. తరగతులు ఐదు, అన్నిట్లో కలిపి సబ్జెక్టులు పద్దెనిమిది. ఒకరు శిక్షణకో, ఓటర్ల జాబితాకో వెళ్తే మిగిలిన ఒక్కరే ఐదు తరగతులు. అది చూసి నలుగురు తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసుకుపోతారు. పిల్లలు తగ్గారని రేషనలైజేషన్‌లో (పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దడంలో) ఒక పోస్టు పోతుంది. పోస్టు పోయిందని ఇంకో పదిమంది పోతారు. చివరికి టీచర్లను పిలిచి అడుగుతారు: "ఎన్‌రోల్‌మెంట్ ఎందుకు పెరగలేదు?"

ఇన్ని దాటుకుని ఓ పిల్ల ప్రైవేటు నుంచి వచ్చిందే అనుకోండి. పాత ఫీజు బాకీ ఉందని వాడు టీసీ ఇవ్వడు, యూడైస్‌లో (బడి పిల్లల సర్కారు ఆన్‌లైన్ లెక్కలో) పేరు వదలడు. టీసీ ఆలస్యమైందని చేర్పు ఆపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. చేర్చుకుంటారు కూడా. పిల్ల బెంచీ మీద ఉంటుంది, లెక్కలో ఉండదు. పుస్తకాలు, యూనిఫాం బట్ట, టీచరు పోస్టు అన్నీ ఆ లెక్క మీదే. బాకీ కింద పిల్ల పేరును తాకట్టు పెట్టుకున్నవాణ్ని ఒక్క అధికారి అడగడు. నోటీసు వాడికి పోదు. ర్యాలీ ఫోటో ఆలస్యమైన హెడ్మాస్టరుకు పోతుంది. సిగ్గుండాలి!

బడిబాట అయిపోగానే ఫ్లెక్సీ వృథా పోదు. వానలకు వంటషెడ్డు రేకు కారుతుంది కదా, దాని కింద కడతారు. ముఖాలు కిందికి వచ్చేలా కడితే మంచిది. పప్పులో నీళ్లెన్నో నాయకులే చూసుకుంటారు.