స్టర్‌లెన్ పొట్ట కొట్టకండి

సీ భాషలో స్ట్రింగు (అక్షరాల వరుస) పొడవు లెక్కించే ఫంక్షన్ పేరు స్టర్‌లెన్. దాన్ని ఫర్ లూపు (ఒకే పనిని పదేపదే చేయించే కోడ్) షరతులోంచి బయటికి లాగాలని కోడ్ రివ్యూల్లో పట్టుబట్టేవాళ్ల మీద కఠిన చర్యలు తీసుకోవాలి. వాళ్లు ఒక ఫంక్షన్ ఉపాధి హామీ మీద దెబ్బ కొడుతున్నారు. లక్ష అక్షరాల స్ట్రింగు ఉందనుకోండి. లూపు తిరిగిన ప్రతిసారీ స్టర్‌లెన్ మొదటి అక్షరం దగ్గర బయల్దేరి, స్ట్రింగు ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటు దాకా నడిచి, "లక్షేనండీ" అని విన్నవిస్తుంది. అక్షరానికొకసారి చొప్పున లూపు లక్షసార్లు తిరిగితే మొత్తం వెయ్యి కోట్ల అక్షరాల నడక. ఇంత పని ఇంకెవరు కల్పించగలరు?

కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను మాత్రం ఓ కంట కనిపెట్టాలి. లూపులో ఎక్కడా మెమరీలోకి రాయకపోతే జీసీసీ అనే కంపైలర్ ఓ2 అనే వేగం పెంచే స్థాయిలో ఆ పిలుపుల్ని సాధారణంగా ఒక్కటికి కుదించేస్తుంది. విరుగుడు సులభం: అదే స్ట్రింగులో అక్షరాల్ని క్యాపిటల్ అక్షరాలుగా మార్చండి. మీరు రాసింది సున్నా బైటు కాదని కంపైలర్ రుజువు చేసుకోలేదు, కాబట్టి మళ్లీ మొదటినుంచి లెక్కిస్తుంది. ఒక స్ట్రింగు చివర ఇంకోదాన్ని అతికించే స్టర్‌క్యాట్‌దీ ఇదే సేవాభావం. అతికించమన్న ప్రతిసారీ చివర ఎక్కడుందో కొత్తగా వెతుక్కుంటుంది.

2021లో జీటీఏ ఆన్‌లైన్ అనే వీడియో గేమ్ విషయంలో జరిగిన ద్రోహం మరువరానిది. సుమారు 10 మెగాబైట్ల జేసన్ (డేటాను పాఠంగా రాసే పద్ధతి) ఫైలు చదువుతూ, పాఠంలోంచి విలువలు తీసే ఎస్‌స్కాన్‌ఎఫ్‌ను పిలిచిన ప్రతిసారీ, లోపల స్టర్‌లెన్ మిగిలిన పాఠమంతా కొలిచేది. పైగా సుమారు 63,000 వస్తువుల్లో ప్రతిదాన్నీ ముందు చేరినవాటితో పోల్చేవారు. ఒక ఆటగాడు బయటినుంచే ఈ రెండూ పట్టుకుని సరిచేస్తే తన లోడింగు సమయం దాదాపు 70 శాతం పడిపోయింది. గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ ఆ సవరణను స్వీకరించి 10,000 డాలర్ల బహుమతి కూడా ఇచ్చింది!

ఈ ద్రోహుల పద్ధతులు తెలుసుకుని ఉండటం మంచిది. పొడవును లూపుకు ముందే సైజ్‌టీ (పొడవులకు వాడే సంఖ్యా రకం) వేరియబుల్‌లో దాచేస్తారు. ఇంకా కర్కశులు పొడవే అడగరు, సున్నా బైటు కనపడగానే ఆగిపోతారు. స్టర్‌క్యాట్ బదులు చివరి చిరునామా చేతిలో ఉంచుకుని, బైట్లను నేరుగా నకలు చేసే మెమ్‌కాపీ వాడతారు. (లూపులోనే స్ట్రింగు కురచవుతుంటే దాచిన పొడవు అబద్ధమవుతుంది. అక్కడ మళ్లీ అడగాల్సిందే, ఇది వెటకారం కాదు.)

రెండింటిలో పెద్దదాన్ని ఇచ్చే మ్యాక్స్ మాక్రో (ఇచ్చినదాన్ని యథాతథంగా కోడ్‌లో అతికించేది) మాత్రం మన పక్షమే. రెండు స్టర్‌లెన్‌లు ఇస్తే పోలికకు రెండు, గెలిచినదానికి ఇంకొకటి, వెరసి మూడు పిలుపులు. ఫంక్షన్‌కు ప్యూర్ ముద్ర (ఫలితమివ్వడం తప్ప ఇంకేమీ మార్చదని కంపైలర్‌కు ఇచ్చే హామీ) వేసేవాళ్లు ప్రమాదకరం. లోపల కౌంటర్ పెంచే ఫంక్షన్‌కు ఆ ముద్ర పడితే, పదిసార్లు పిలిచినా కంపైలర్ ఒక్కసారికే సరిపెట్టవచ్చు. అదీ తప్పులు వెతికే డీబగ్ బిల్డులో కనిపించదు, వినియోగదారులకిచ్చే రిలీజ్‌లోనే బయటపడుతుంది.