పిల్లాడికి పొగరు కాదు, కాళ్లు పెరిగాయి

ఎండాకాలం క్యాంపులో చెప్పిన చోట బంతి వేసిన పదమూడేళ్ల కుర్రాడు దసరా సెలవులయ్యేసరికి ఓవర్‌కి రెండు నోబాల్స్ వేస్తుంటాడు. కోచ్ శ్రద్ధ లేదంటాడు, నాన్న ఫోన్ ఎక్కువైందంటాడు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ మాత్రం గుమ్మంలోనే "ఒరే, తాడిచెట్టులా సాగిపోయావేంట్రా!" అంటుంది. ముగ్గురిలో సరిగ్గా చెప్పింది అమ్మమ్మే.

లెక్క చూడండి. రన్నప్, అంటే బంతి వేసే ముందు పరుగు, 14 అంగలనుకుందాం. ఆర్నెల్లలో పిల్లాడు 5 సెంటీమీటర్లు పెరిగాడు, ఎక్కువగా కాళ్లలోనే. ఒక్కో అంగ 5 సెంటీమీటర్లు సాగినా మొత్తం 70 సెంటీమీటర్లు, అంటే రెండున్నర బూట్ల పొడవు. పరుగు మొదలుపెట్టే గుర్తు మాత్రం పాత చోటే ఉంది. క్రీజు ముందుకొచ్చేస్తోందని తెలిసి చివరి మూడు అంగలు కుదించుకుంటాడు. అక్కడ వేగం చస్తుంది, ఒళ్లు పక్కకి వాలుతుంది, బంతి లెగ్ సైడ్ పోతుంది. అప్పుడు కోచ్‌గారు యాక్షన్, అంటే చెయ్యి తిప్పి బంతి వేసే తీరు, మార్చడం మొదలుపెడతారు! నాకు మండేది ఇక్కడే. చెడింది కొలత అయితే సరిచేసేది చేతిని. కొన్నాళ్లకి పెరుగుదల నెమ్మదిస్తుంది, కానీ బాగున్న యాక్షన్ తిరిగి రాదు.

చేసేది చాలా చిన్న పని. బంతి లేకుండా క్రీజు దగ్గర నుంచి, రన్నప్ మొదలయ్యే వైపుకి మొహం పెట్టి, మామూలుగా పరుగెత్తమనండి. పద్నాలుగో అంగ ఎక్కడ పడుతుందో ఆరుసార్లు చూసి, ఎక్కువసార్లు పడ్డ చోట కొత్త గుర్తు పెట్టండి. వేగంగా పెరుగుతున్నన్నాళ్లూ నెలకోసారి ఇలా చూడాలి. టేపు, సుద్దముక్క, పావుగంట చాలు.

ఇక మిగతా తడబాటు, అంటే చేతిలో పడ్డ క్యాచ్ జారడం, మలుపు తిరగబోయి తూలడం, ఇదంతా బద్ధకం కాదు. అదే బరువుతో కాలు 5 శాతం పొడవైతే దాన్ని అదే వేగంతో ఊపడానికి సుమారు 10 శాతం ఎక్కువ బలం కావాలి. బలమేమో ఎత్తుతో పాటు రాదు. ముందు పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మొండెం. కండ, బరువు నెలల తరబడి వెనకబడతాయి. మగపిల్లల్లో బలం బాగా పుంజుకునేది ఎత్తు జోరు దాటాకే. మధ్యలో ఉన్న ఆ కొన్ని నెలలూ పిల్లాడు పాత ఇంజిన్‌తో పెద్ద బండి లాగుతున్నట్టే. (ఏడాదిలో రెండోసారి బూట్లు బిగుతయ్యాయంటే అది తొలి కబురు. రెండేళ్లు వస్తాయని రెండు నంబర్లు పెద్దవి కొనే అలవాటు మనకుంది కాబట్టి ఆ కబురు మనకి అందదు. పైగా వదులు బూట్లతో బౌలింగ్!)

కొలవడం ఎలా? మూడు నెలలకోసారి, ఒకే వేళకి, పొద్దున్నే అయితే మేలు. సాయంత్రానికి మనిషి సెంటీమీటర్ దాకా కుంగుతాడు. చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి, చూపు నేరుగా ఉంచి, తలపై అట్టపుస్తకం గోడకి అడ్డంగా పెట్టి గీత గీయాలి. రెండుసార్లు కొలవండి, అర సెంటీమీటర్ తేడా వస్తే మూడోసారి. వచ్చిన పెరుగుదలని నాలుగుతో గుణిస్తే ఏడాది వేగం. అంతకుముందు ఏడాదికి 5-6 సెంటీమీటర్లు పెరిగే పిల్లలు, ఈ దశలో మగపిల్లలైతే 9-10 దాకా, ఆడపిల్లలైతే 8 దాకా వెళ్తారు. లెక్క 7 దాటిందంటే కోచ్‌కి చెప్పి తీరాలి.

చెబితే ఆయనేం చెయ్యాలి? ఆపెయ్యకూడదు, తగ్గించాలి. వరుసగా రెండ్రోజులకి మించి బౌలింగ్ వద్దు, వేసే బంతులు లెక్కపెట్టాలి, కొన్ని రోజులు పొట్టి రన్నప్‌తో వేయించాలి. గెంతులు, మెట్లెక్కి పరుగెత్తించడాలు కుదించి ఆ టైములో ఒంటికాలి బ్యాలెన్స్, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగడం), ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం), తొడ వెనక కండరాలకీ పిక్కలకీ సాగదీత పెట్టాలి. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందన్నది వట్టి మాట. పక్కన తెలిసినవాడు నిలబడి తేలిక బరువులతో పద్ధతిగా చేయిస్తే మేలే.

ఆడపిల్లల విషయంలో ఇంకా ఆలస్యంగా మేల్కొంటాం. వాళ్లకి ఎత్తు జోరు దాదాపు 12 ఏళ్లకే, మగపిల్లలకి 14 దగ్గర. రజస్వల అయ్యేది సాధారణంగా ఆ జోరు దాటిన ఏడాదికి. ఓణీల ఫంక్షన్ చేశాక "ఇప్పుడు జాగ్రత్త" అంటే, తడబడాల్సిన కాలం తడబడి అయిపోయింది. షటిల్ కోర్టులో కాళ్లు కదలడం లేదని ఆ పిల్లని అప్పటికే ఏడాదిగా తిడుతూ ఉంటారు.

అండర్-16 అబ్బాయిలకి బీసీసీఐ టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముకల వయసు, అంటే ఎముకలు ఎంతవరకు ఎదిగాయో, చూస్తుంది. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రేతో. ఎందుకు? వయసు దొంగల్ని పట్టడానికి. మంచిదే. కానీ వయసు 14 అయిన ఇద్దరి ఎముకల వయసుల్లో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చని చెప్పేది కూడా ఆ ఫిల్మే కదా! ముందు పెరిగినవాడు ఎత్తుతో వికెట్లు తీసి సెలెక్టవుతాడు, ఆలస్యంగా పెరిగేవాడు "ఫిజిక్ లేదు" అనిపించుకుని బ్యాగు సర్దుకుంటాడు. ఆ రిపోర్టు దొంగ కాదని తేలగానే ఫైల్లో పడుకుంటుంది, కోచ్ చేతికి రాదు.

నొప్పి విషయం. మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొక్కితే నొప్పి, లేదా మడమ వెనక నొప్పి ఉంటే అవి ఎక్కువగా ఈ వయసు నొప్పులే. పరుగూ గెంతులూ తగ్గిస్తే సర్దుకుంటాయి, కానీ స్ప్రే కొట్టి గ్రౌండ్‌లోకి తోస్తే నెలలు లాగుతాయి. నడుము నొప్పి అలా కాదు. కుడిచేతి బౌలర్‌కి నడుము ఎడమవైపు, ఒకే చోట, బంతి వేసేకొద్దీ పెరిగే నొప్పి. ఎడమకాలి మీద నిలబడి వెనక్కి వంగితే పట్టేస్తుంది. వెన్నెముక కింది పూసలో ఎముక సన్నగా చిట్లుతోందేమోనని అనుమానించాల్సిన గుర్తు అది. ఎత్తు ఎంత జోరుగా పెరుగుతుందో ఎముకలోకి ఖనిజం అంత జోరుగా చేరదు, అందుకే ఈ కాలంలో ఎముక అంత పచ్చిగా ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనబడకపోవచ్చు, "ఏం లేదు" అన్నారని మర్నాడే నెట్స్‌కి పంపకండి. ఎంఆర్ఐ అవసరమా అని డాక్టర్ని అడగండి. ఈలోగా ఒక్క బంతి కూడా వద్దు, రేపు ఫైనల్ ఉన్నా సరే.