రేటుకు బేరం.. కొలతకు ఓ దండం!

సిమెంటు డీలర్ దగ్గర బస్తాకు పది రూపాయలు తగ్గించుకోవడానికి మన బిల్డర్ ఎంతసేపైనా కూర్చుంటాడు. టీ తాగుతాడు, పక్క వీధి డీలర్ చెప్పిన రేటు ఏకరువు పెడతాడు, లేచి వెళ్లిపోతున్నట్టు నటిస్తాడు. అంత కష్టపడి సాధించిన మనిషి సైటుకొచ్చాక, అయిదంగుళాలు పోయాల్సిన స్లాబు అయిదున్నర పోస్తుంటే మాత్రం పట్టించుకోడు. ‘పోన్లే, గట్టిగా ఉంటుంది’ అంటాడు. లాభం ఎటు పోతోందో అర్థం కావడం లేదని హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా చిన్న బిల్డర్లు మొత్తుకుంటున్నారు కదా, మొదట ఇటు పోతోంది.

కాగితం మీద లెక్క వేద్దాం. కింద పార్కింగుకు వదిలే స్టిల్టు, పైన అయిదు అంతస్తులు. మొత్తం ఆరు స్లాబులు, ఒక్కొక్కటి 5,000 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 0.4 బస్తా అనుకుంటే 12 వేల బస్తాల సిమెంటు కావాలి. పది రూపాయల బేరం గెలిచినందుకు మిగిలేది లక్షా 20 వేలు. ఆ ఆరు స్లాబులూ అర అంగుళం మందం పెరిగితే అదనంగా పట్టే కాంక్రీటు 1,250 ఘనపుటడుగులు, అంటే 35 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరు అయిదు వేలు వేసుకున్నా లక్షా 75 వేలు. బేరంలో వచ్చిందంతా పోయి, ఇంకో 55 వేలు చేతి నుంచి పడింది. పైగా పిల్లర్ల మీద 80 టన్నులకు మించిన అనవసరపు బరువు. గట్టిదనం సంగతి దేవుడెరుగు.

స్టీలు కథ ఇంకా చిత్రం. కొనేది కిలోల్లో, వాడేది అడుగుల్లో. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.889 కిలో తూగాలి. 12 మీటర్ల కడ్డీ అయితే పది కిలోల 670 గ్రాములు. ఐఎస్ 1786 ప్రమాణం ఈ సైజులో అయిదు శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటుంది. 8, 10 ఎంఎంలకైతే ఏడు శాతం. బరువు ఎక్కువున్న లోడు వస్తే, పొడవు అంతే ఉన్నా డబ్బు మాత్రం ఎక్కువ కడతాం. లారీ దిగగానే కడ్డీలు లెక్కపెట్టి, వేబ్రిడ్జి చీటీతో సరిచూసే బిల్డర్లు ఎంతమంది? ఏ కడ్డీ ఎంత పొడవుకు కోయాలో, ఎలా వంచాలో చెప్పే బార్ బెండింగ్ షెడ్యూల్ అనే కాగితం లేకుండానే మేస్త్రీ కడ్డీలు కోసేస్తాడు. మూడు శాతంతో ఆగాల్సిన వేస్టేజీ ఏడు శాతానికి పోతే, 120 టన్నుల పనిలో దాదాపు అయిదు టన్నులు ముక్కలై పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతుంది. టన్ను 60 వేలైతే అదో మూడు లక్షలు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త ఇళ్ల ప్రాజెక్టులకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొన్న సరుకు మీద కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు లేదు కాబట్టి, ఆ ముక్కల మీద కట్టిన 18 శాతం జీఎస్టీ కూడా మన జేబులోదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిందని సంబరపడ్డారు. మంచిదే. అర అంగుళం మందంలో ఆ సంబరం ఎంత కరిగిపోయిందో కూడా చూసుకోవాలి.

డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద కట్టేవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. సగం ఫ్లాట్లు స్థలం యజమానివి. 25 వేల అడుగులు కడితే బిల్డర్ అమ్ముకునేది పన్నెండున్నర వేలు. ఖర్చు అడుగుకు వంద రూపాయలు పెరిగితే, అతని వాటా అడుగు మీద పడే భారం రెండొందలు. ఈ మాట ఎన్నో ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పినా ఒక్క క్షణం ఆగి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని చూస్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు, రోజులు ఒక ఎత్తు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు కోట్లు సైటులో ఉంటే నెలకు నాలుగు లక్షలు. సిమెంటు బేరంలో మిగిలిన లక్షా 20 వేలు సరిగ్గా తొమ్మిది రోజుల వడ్డీ. లిఫ్టు ఆర్డరు ఆలస్యంగా ఇవ్వడం, ట్రాన్స్‌ఫార్మర్ దరఖాస్తు పెయింటింగు దశలో గుర్తుకురావడం, టైల్స్ ఎంపిక తేలక ప్లంబరు ఊరికి వెళ్లిపోవడం.. ఇలాంటి చోట్ల తొమ్మిది రోజులు ఇట్టే ఎగిరిపోతాయి. ఒక ప్రాజెక్టు డబ్బుతో ఇంకోదాన్ని లాక్కొచ్చే దారి స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా వచ్చాక మూసుకుపోయింది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఇక హైదరాబాద్‌లో నిర్మాణ అనుమతి కోసం తనఖా పెట్టిన పది శాతం బిల్టప్ ఏరియా, ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా విడుదల కాదు. మన లెక్కలో అది 2,500 అడుగులు, అంటే రెండు ఫ్లాట్లు. చిన్న బిల్డర్‌కు మిగిలే లాభం చాలాసార్లు ఆ ఆఖరి రెండు ఫ్లాట్లే. ప్లానుకు మించి బాల్కనీ ఒక అడుగు ముందుకు జరిపిన తెలివి వాటిని ఎన్నాళ్లు తాళంలో పెడుతుందో ముందే ఊహించుకోవచ్చు.

బిల్డర్ల వాదన నాకు తెలుసు. రేట్లు మా చేతిలో లేవంటారు. నిజమే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క సైట్లు ఆగిపోయాయి. 2022లో స్టీలు ధర ఎంతగా మండిందంటే కేంద్రం మే నెలలో ఎగుమతి సుంకం వేయాల్సి వచ్చింది. హోలీకి, ఛఠ్‌కి బిహార్ కూలీలు ఊరెళితే ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పలేరు. కాకపోతే ఈ దెబ్బలన్నీ పక్క సైటుకూ తగులుతాయి, అందరి ధరా కొంత పెరుగుతుంది. అర అంగుళం మందం మాత్రం మీ ఒక్కరిదే, దాన్ని కొనేవాడి మీద వేయలేరు.

మరి కొలిచేదెవరు? నాకు అసలు మండేది ఇక్కడే. రెండు రాష్ట్రాల్లో సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఉద్యోగాల్లేక కోడింగ్ కోర్సుల్లో చేరుతున్నారు, కాలేజీలు సివిల్ సీట్లు తీసేసి కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటున్నాయి. కోట్ల రూపాయల సైటులో మాత్రం సూపర్‌వైజర్ బిల్డర్‌గారి బామ్మర్ది. నెలకు 30 వేలిచ్చి ఒక ఇంజినీరును పెట్టుకుంటే 18 నెలలకు అయిదు లక్షల 40 వేలు. స్లాబు మందం, స్టీలు ముక్కలు, ఒక నెల వడ్డీ కలిపితే అంతకు మించిపోయింది. కొలవడాన్ని మనం తక్కువ పనిగా చూస్తాం. టేపు పట్టుకున్నవాడు చిన్నవాడు, ఫోన్లో బేరమాడేవాడు పెద్దమనిషి. కొనేవాళ్లు కిచెన్ గోడ జరపమంటే ‘అలాగే సార్, చూద్దాం’ అనేసి, కాగితం మీద పెట్టకుండా, రిజిస్ట్రేషన్ రోజు డబ్బు దగ్గర గొడవపడేదీ ఆ పెద్దమనిషే. మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు. అతనికి అడుగు లెక్కన కూలి కడతారు, మిగిల్చిన స్టీలులో పైసా వాటా ఉండదు. వాటా ఇచ్చి చూడండి, ముక్కలు వాటంతటవే తగ్గుతాయి.

బండ్లగూడ వైపు కట్టే నా మిత్రుడొకరు పోరగా పోరగా రెండో భవనానికి డిప్లొమా చదివిన అమ్మాయిని పెట్టుకున్నాడు. స్లాబు రోజు ఆమె గుర్తులు గీసిన కడ్డీ ముక్క పట్టుకుని కాంక్రీటులో అడుగడుక్కీ గుచ్చి చూస్తుంటే మేస్త్రీ సణిగాడట. ఆరో స్లాబు పూర్తయిన సాయంత్రం మిత్రుడు ఫోన్ చేశాడు. కాంక్రీటు అంచనా కంటే తక్కువే పట్టిందని సంతోషంగా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అడిగాడు: ‘స్లాబులన్నీ అయిపోయాయి కదన్నా, ఇంక ఆ అమ్మాయిని తీసేయొచ్చా?’

ప్లాస్టరింగ్ ఇంకా మొదలే కాలేదు.