ఉరిమితే చేతులు పట్టుకుని కూర్చోమంటున్న ఆ మెసేజ్ గురించి

జూన్ వచ్చిందంటే బోస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అదే మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది: "ఫ్రాంకోనియా రిడ్జ్ ఒక్క రోజులో, కుటుంబంతో హాయిగా". ఫ్రాంకోనియా రిడ్జ్ అంటే న్యూ హాంప్‌షైర్‌లో చెట్లు లేని పొడవాటి కొండగట్టు. ఆ మెసేజ్ రాసినవారెవరో తెలియదు. పంపుతున్నవారు మాత్రం నాకు కావలసినవాళ్లు, చాలామందికి చిన్నపిల్లలున్నారు. అందుకే ఇంత కోపం.

చిన్నవి ముందు ముగించేస్తాను. అరటిపండా, చాక్లెట్టా అన్నది ఎవరిష్టం వారిది. ఖరీదైన బూట్లు అక్కర్లేదన్నారు, నిజమే, అడుగు జారకుండా ఉంటే చాలు. "మనిషికి లీటరు నీళ్లు చాలు, దారిలో వాగులున్నాయి" అన్నది తప్పు. వాగులున్నది గట్టు మీదికి ఎక్కే ఫాలింగ్ వాటర్స్ ట్రెయిల్ కింది భాగంలో. రిడ్జ్ మీద చుక్క దొరకదు. మూడు లీటర్లు మోయండి.

"తెల్లవారుజామునే పరుగెత్తకండి, పదకొండుకు మొదలుపెట్టినా రాత్రి ఎనిమిది దాకా వెలుతురుంటుంది." ఇక్కడ వెలుతురు గురించి ఎవరడిగారు? ఆ చుట్టు సుమారు 9 మైళ్లు, ఎక్కవలసింది దాదాపు 3,900 అడుగులు. పదకొండుకు బయల్దేరిన కుటుంబం గట్టు మొదట్లోని లిటిల్ హేస్టాక్ శిఖరం మీదికి చేరేసరికి రెండున్నరో మూడో అవుతుంది. పొద్దుటి ఎండకు నేల వేడెక్కి, తేమగాలి పైకి లేచి, ఉరుముల మబ్బు కట్టేది ఆ వేళకే. అక్కడి నుంచి మౌంట్ లింకన్ మీదుగా లఫాయెట్ శిఖరం వరకు 1.7 మైళ్ల పొడవునా తలదాచుకోవడానికి చెట్టు లేదు, మధ్యలో దిగిపోవడానికి దారీ లేదు. ముందుకైనా నడవాలి, వెనక్కైనా తిరగాలి. ఆరింటికల్లా పార్కింగ్ దగ్గర ఉండమనేది ఇందుకే.

"ఫోనులో కింది ఊరి వాతావరణం చూస్తే చాలు, వేసవిలో జాకెట్ బరువు దండగ" అని ఇంకో చిట్కా. లఫాయెట్ ఎత్తు 5,200 అడుగులకు పైమాటే. లోయలో చెమటలు పడుతున్న రోజున కూడా పైన ఆరేడు డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటుంది, దానికి గాలి తోడవుతుంది. చెమటకు తడిసిన కాటన్ చొక్కా ఆ గాలిలో ఒంటికి అతుక్కుంటే జూలైలోనూ పళ్లు కొట్టుకుంటాయి. మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ వాళ్లు ఎత్తయిన శిఖరాల కోసం ప్రత్యేకంగా సూచన ఇస్తారు, అది చూడండి.

ఇక నన్ను ఇది రాయించిన వాక్యం: "ఉరుములు మొదలైతే ఇనుప వస్తువులు పారేసి, బండరాతి చాటున అందరూ చేతులు పట్టుకుని గొంతుక్కూర్చోండి, లేదా నేలకు కరుచుకుని పడుకోండి."

ఒక్క వాక్యంలో ఇన్ని ప్రమాదాలా! లోహం పిడుగును పిలవదు. చుట్టూ ఉన్నవాటికంటే ఎత్తుగా, ఒంటరిగా నిలబడి ఉన్నదాని మీద అది పడే అవకాశం ఎక్కువ, ఆ బోడి గట్టు మీద ఎత్తయినది మీరే. చేతికర్రలు పారేస్తే తడి రాళ్ల మీద దిగడం కష్టమవుతుంది, అంతే. పిడుగు పడిన చోటి నుంచి విద్యుత్తు నేల వెంట నలువైపులా పాకుతుంది. పిడుగు బాధితుల్లో ఎక్కువమందిని దెబ్బతీసేది ఈ నేల వెంట వచ్చేదే. పడుకున్నారంటే తల నుంచి పాదం వరకు దానికి దారి ఇచ్చినట్టే. బండ కింద నోరు తెరిచిన సందులో కూర్చుంటే పై అంచు నుంచి కింది నేలకు అది దూకేటప్పుడు మధ్యలో ఉండేది మీ శరీరం.

చేతులు పట్టుకోవడమా? ఒకరికి తగిలింది అందరికీ తగలాలనా? పిడుగు దెబ్బకు గుండె ఆగిన మనిషిని వెంటనే ఛాతీ నొక్కి బతికించే అవకాశం ఉంది. ఆ శరీరంలో విద్యుత్తు నిలిచి ఉండదు, భయం లేకుండా ముట్టుకోవచ్చు. కానీ నొక్కడానికి స్పృహలో ఒకరు మిగలాలి కదా. అందుకే కనీసం 50 అడుగుల ఎడంతో నడవమంటారు. చంటిపిల్లను అంత దూరంలో వదలగలమా? వదలలేం, వదలమని ఏ తల్లికీ చెప్పలేను. కనుక ఉరుములు వస్తాయని సూచన ఉన్న రోజున పిల్లలతో ఆ గట్టు ఎక్కవద్దు. ఎక్కాక ఉరుము వినిపిస్తే, ఎంత దూరంలో వినిపించినా సరే, దగ్గరగా ఉన్న వైపు నుంచి చెట్లలోకి దిగండి. లఫాయెట్ దాటితే గ్రీన్‌లీఫ్ హట్ అనే కొండ బస మైలు పైచిలుకు దూరంలో ఉంది. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి.

గొంతుక్కూర్చోవడం గురించి మాత్రం ఆ మెసేజ్ రాసినవారిని పూర్తిగా తప్పుపట్టలేను. చాలా ఏళ్లపాటు కొండదారుల శిక్షకులే అలా నేర్పారు. అమెరికా జాతీయ వాతావరణ సేవ ఆ సలహాను 2008లో మానేసింది, ఎందుకంటే కూర్చుని గడిపే ఆ నిమిషాలు దిగడానికి కావాలి. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: "అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు నడవనివ్వండి" అని అందులో ఉంది. ఇంత మంచి మాట నేను చూసిన చాలా గైడ్లలో లేదు.

"ఏమైనా అయితే 911కు ఫోన్ చేయండి, హెలికాప్టర్ వస్తుంది" అన్న చివరి చిట్కా చదివి చాలా బాధేసింది. ఉరుముల మబ్బులోకి హెలికాప్టర్ రాదు. వచ్చేది న్యూ హాంప్‌షైర్ ఫిష్ అండ్ గేమ్ అధికారులు, వాళ్ల వెంట స్వచ్ఛంద సేవకులు. ఆ రాళ్ల మెట్ల మీద స్ట్రెచర్‌ను చేతులతో మోసుకుంటూ గంటల తరబడి దిగుతారు. 25 డాలర్ల హైక్ సేఫ్ కార్డు కొంటే ఆ డబ్బు వాళ్ల పనికే వెళ్తుంది, కొనండి.

ఈ శనివారం సూచనలో ఉరుములుంటే పొద్దున్నే దగ్గర్లోని ఆర్టిస్ట్స్ బ్లఫ్ అనే చిన్న కొండ ఎక్కండి. గంటన్నరలో కారు దగ్గర ఉంటారు, పిల్లలకు ఫ్రాంకోనియా నాచ్ లోయ కనిపిస్తుంది కూడా.