మినహాయింపు లేని నిషేధమేనా?
కండోమ్ విషయంలో కతోలిక సభ (రోమన్ కాథలిక్ చర్చి) మొదటి నుంచీ మినహాయింపన్నదే లేని నిషేధాన్ని పాటిస్తోందని, వ్యాధి నివారణను కూడా అది పాపంగానే చూస్తుందని వ్యాసకర్త చెప్పిన మాట పూర్తిగా సరికాదు. 1968లో ఆరవ పాల్ పోపు వెలువరించిన లేఖ దంపతుల సంతాన నిరోధం గురించినది. అప్పటికి ఎయిడ్స్ అన్న పేరే పుట్టలేదు. 2001 జులైలో దక్షిణాఫ్రికా ప్రాంతపు మేత్రాణులు (బిషప్పులు) కండోమ్ ప్రచారాన్ని గట్టిగా తప్పుపడుతూనే, దంపతులలో ఒకరికి హెచ్‌ఐవీ ఉన్నప్పుడు తమను తాము ఎలా కాపాడుకోవాలో ఆ ఇద్దరే అంతరాత్మ సాక్షిగా నిర్ణయించుకోవాలని అదే ప్రకటనలో రాశారు. 2009లో ఆఫ్రికాకు వెళ్తూ, కండోమ్‌ల పంపిణీ సమస్యను మరింత పెంచుతుందన్న పదహారవ బెనెడిక్ట్ పోపే, మరుసటి ఏడాది, ఒళ్లమ్ముకునే వ్యక్తి ఎదుటివారికి వ్యాధి సోకకూడదన్న ఉద్దేశంతో దాన్ని వాడితే అది నైతిక బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చునన్నారు, అదే అసలు పరిష్కారం కాదని చేర్చారనుకోండి. అయితే ఈ సూక్ష్మభేదాలు పల్లె చర్చి దాకా రావడం లేదన్నది నా అనుభవం. నేను కోస్తాలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా పనిచేసిన రోజుల్లో, భర్తకు పాజిటివ్, తనకు నెగెటివ్ అని తెలుసుకున్న ఒక కతోలిక ఇల్లాలు, నేనిచ్చిన పొట్లాన్ని జపమాల ఉన్న పర్సులో పెట్టబోయి, ఆగి, కొంగున ముడి వేసుకుని, "ఇది పాపసంకీర్తనంలో చెప్పుకోవాలా అమ్మా?" అని అడిగింది, అంటే గురువు ముందు పాపంగా ఒప్పుకోవాలా అని. ఆ మేత్రాణుల ప్రకటన సంగతి ఆమెకు గానీ, నిజం చెప్పాలంటే అప్పటికి నాకు గానీ తెలియదు. వాళ్ల విచారణ గురువును, అంటే వాళ్ల చర్చి ఫాదర్‌ను, అడగమని చెప్పి పంపించాను.